మగ్గం గుంట, లాప్‌టాప్ బల్ల

అంగళ్లులో మా ఇల్లు కదిరి రోడ్డుకు రెండు వీధులు లోపలికి ఉంటుంది. మా చిన్నమ్మ ఇల్లు మదనపల్లెలో, నీరుగట్టువారిపల్లెలో. బస్సెక్కితే అరగంట. రెండిళ్ళలోనూ సంపాదన కోసం గడప దాటే పని లేదు. అక్కడ మా చిన్నాయన గుంటమగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. ఇక్కడ నేను 2020 నుంచి ఒక బెంగళూరు కంపెనీకి లాప్‌టాప్ మీద లెక్కలు చూస్తున్నాను. నా పనికి వర్క్ ఫ్రమ్ హోమ్ అని పేరొచ్చింది. తాతల నాటి నుంచి ఇంట్లోనే సాగుతున్న చిన్నాయన పనిని నేత అన్నారు, కులవృత్తి అన్నారు, కూలిమగ్గం అన్నారు. ఇంటి నుంచి పని అని మాత్రం ఎవరూ అనలేదు.

ఇంట్లో ఉండి ఉద్యోగం చేసేవాళ్ళ చిన్న చిన్న సంతోషాల గురించి ఈ అయిదారేళ్ళలో చాలా రాశారు. మధ్యాహ్నం పొయ్యి మీంచి దిగిన వేడన్నం, మిద్దె మీద సాయంత్రపు గాలి, బడి నుంచి వచ్చిన బిడ్డ మొహం. అవన్నీ నిజమే, నేనూ అనుభవిస్తున్నాను. అయితే ఆ రాతలన్నీ ఇంటిని ఆఫీసుతోనే పోల్చాయి. బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి దగ్గర గంటసేపు ఆగిన బస్సుతో పోలిస్తే ఏ ఇల్లయినా స్వర్గంగానే కనిపిస్తుంది. పోల్చవలసింది, ఇంట్లోనే ఉండి పని చేయడం తరతరాలుగా తెలిసిన మరో ఇంటితో. అప్పుడే ఆ సంతోషాల్లో ఏది పని వల్ల వచ్చింది, ఏది జీతం వల్ల వచ్చింది, ఏది ఇంట్లో ఇంకొకరి చాకిరీ వల్ల వచ్చింది అన్నది తేలుతుంది. అందుకే ఈ రెండిళ్ళనూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

దూరపు పనిని ఈ చల్లటి గాలికి మోసుకొచ్చినవాళ్ళు మాకు కొత్త కాదు. కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్‌లీ 1870 ప్రాంతంలో మా ఏనుగు మల్లమ్మ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. కొండకు ఆయన పేరే నిలిచిపోయింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెకు వచ్చి బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేశారు. జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి తెచ్చింది అక్కడే. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరలిపి రాసిందీ అక్కడే. మా ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకునే ముచ్చట ఇది, నేనూ చెప్పుకుంటాను. కానీ హార్స్‌లీ, ఠాగూర్ ఇద్దరూ ఇక్కడికి వచ్చిపోయినవాళ్ళు. వాళ్ళ బల్ల మీదికి టీ తెచ్చి పెట్టిన చేతులను ఎవరూ తలచుకోరు. ఇంట్లో కూర్చుని చేసే పనిలో అతిథి సుఖం ఒకటి ఉంటుంది, సంసారి సుఖం ఒకటి ఉంటుంది. నా లాప్‌టాప్ బతుకు ఈ రెండింటిలో దేనికి దగ్గర అన్నదే నా ప్రశ్న.

ముందు చోటు సంగతి. చిన్నమ్మ ఇంట్లో అడుగు పెట్టగానే కనిపించేది మగ్గమే. వీధి వాకిలి వెలుతురు నేరుగా పడేచోట నేల తవ్వి గుంట చేశారు. చిన్నాయన గట్టు మీద కూర్చుని, గుంటలో కాళ్ళు పెట్టి తొక్కుడు పలకలు తొక్కుతుంటే నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు, ఆ అంచు నుంచి ఈ అంచుకు పరుగెత్తుతూ ఉంటుంది. ఆ టకటకల మధ్యనే కుక్కర్ కూత వేస్తుంది, టీవీలో సీరియల్ నడుస్తుంది, పక్కింటామె మనవణ్ణి చంకనేసుకొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటుంది. చిన్నాయన చెయ్యి ఆపడు, మాటా ఆపడు. మగ్గం ఆ ఇంటి చప్పుళ్ళలో ఒక చప్పుడు, అంతే.

నా బల్ల ఈ అయిదారేళ్ళలో మూడుసార్లు చోటు మారింది. హాల్లోంచి పడకగదికి, అక్కడి నుంచి మిద్దె మెట్ల కిందికి, మళ్ళీ పడకగదికి. ఎక్కడ పెట్టినా నా పనికి ఇల్లు అడ్డం. మీటింగు మొదలైతే మా అత్త మిక్సీ ఆపేస్తుంది. పాప తలుపు దగ్గర నిలబడి చేత్తో సైగ చేస్తుంది. టమాటా మండీకి పోయే బండి వీధిలో హారన్ కొడితే నా వేలు గబుక్కున మ్యూట్ మీదికి పోతుంది. నా వెనక కనిపించే గోడ మీద క్యాలెండరు కూడా తీసేశాను. ఇంట్లో ఉండి పని చేస్తున్నాననే గాని, నా పని గంటల్లో ఇల్లు ఇల్లుగా ఉండడానికి వీల్లేదు. మగ్గం ఇంటిని తన పక్కన కూర్చోనిచ్చింది. లాప్‌టాప్ ఇంటిని నోరు మూసుకోమంటోంది.

అంగళ్లు అనే పేరు విన్నప్పుడల్లా నాకు పాతకాలపు అంగడి ఇల్లు గుర్తొస్తుంది. ముందు అంగడి, వెనక సంసారం, నడుమ ఒక తెర. భర్త అన్నానికి లేస్తే భార్య వచ్చి తూకం వేస్తుంది. పిల్లలు లెక్కలు నేర్చుకునేది అక్కడే. పనికీ ఇంటికీ నడుమ తెర ఉండడంలో తప్పు లేదు, దాన్ని ఎప్పుడంటే అప్పుడు పక్కకు జరపగలగాలి. నా బల్ల దగ్గర ఉన్నది జరిపే తెర కాదు, గడియపెట్టిన తలుపు. చోటు విషయంలో మార్కులు నేతింటికే వేస్తాను. అయితే ఆ ఇల్లు కోల్పోయినదీ చెప్పాలి. ఉన్నవాటిల్లో మంచి గది మగ్గం తీసుకుంది, మనుషులు మిగిలిన చోట సర్దుకున్నారు. గట్టి వాన పట్టి గుంటలో నీళ్ళు ఊరితే ఇంట్లో తడీ, చేతిలో కూలి లేకపోవడమూ ఒకేసారి వస్తాయి. ఇప్పుడు చుట్టుపక్కల మరమగ్గాలు పెరిగాక, వాటి హోరు పక్కన చేతిమగ్గం చప్పుడు మెత్తగా వినిపిస్తుంది. ఆ మెత్తదనం చూసి మురిసిపోతే చిన్నాయన మోకాళ్ళ నొప్పి మరిచిపోయినట్టే.

రెండోది కాలం. అన్నానికి పిలిస్తే చిన్నాయన చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే: "ఈ కండె అయిపోనీ, వస్తా ఉండా." కండె అంటే నాడెలో పెట్టే పేక నూలు చుట్టిన చిన్న పుల్ల. ఆ నూలు అయిపోతే నాడె తనంతట తానే ఆగాల్సిందే. కొత్త కండె పెట్టుకోవాలి. ఆ కాస్త ఎడంలో ఆయన నడుం నిటారు చేసుకుంటాడు, చెంబెడు నీళ్ళు తాగుతాడు, మనవడి బుగ్గ గిల్లుతాడు. కండె తరవాత చీర అయిపోతుంది. చీరల తరవాత పడుగే అయిపోతుంది. అప్పుడు కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా వేళ్ళతో మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. ఆ అతుకు పూర్తయ్యేదాకా నాడె కదలదు. ఆయన పనిలో చిన్న ముగింపులు, పెద్ద ముగింపులు ఉన్నాయి. ఇంటి సంతోషాలన్నీ ఆ ముగింపుల సందుల్లో మొలుస్తాయి.

కుప్పం, పలమనేరు వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్ళలోనూ ఇదే లెక్క. పురుగు కుబుసం విడిచే దశను వాళ్ళు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగు వారం రోజులు ఆకలి తీరనట్టు మల్బరీ ఆకు తింటుంది. తట్టల దగ్గర చెవి పెడితే రేకుల మీద సన్నవాన పడుతున్నట్టు ఉంటుంది. షెడ్డు లేనివాళ్ళకు ఆ వారం ఇల్లు మనుషులది కాదు. నిద్ర ఉండదు, చుట్టం వస్తే మాట్లాడే తీరిక ఉండదు. కానీ పురుగులు చంద్రికలనే తడికలు ఎక్కి గూళ్ళు కట్టడం మొదలుపెట్టాక ఆ హడావుడి తగ్గుతుంది. గూళ్ళు మార్కెట్టుకు పోయిన రోజు ఇల్లు కడుక్కుని, తలంటు పోసుకుని, కోడికూర వండుకుంటారు. పని ఎంత ముంచెత్తినా దానికి ఒక కొస ఉంది, ఆ కొస ఎప్పుడు వస్తుందో ఇంట్లో అందరికీ తెలుసు.

నా పనికి కొస లేదు. ఒక ఫైలు పంపితే మూడు ప్రశ్నలు తిరిగొస్తాయి. రాత్రి తొమ్మిదిన్నరకు పాపకు కథ చెబుతుంటే ఫోను మినుక్కుమంటుంది. చూడకపోయినా ఎవరూ ఏమీ అనరు, కానీ చూడకుండా ఉండలేని అలవాటు మాత్రం పట్టుకుంది. ఈ జబ్బు మా ఊరిదే కాదు. పని వేళలు అయిపోయాక మెసేజీలకు దూరంగా ఉండే హక్కును ఫ్రాన్సు 2017 నుంచి చట్టంలోకి తెచ్చుకుంది. సాయంత్రం నాలుగింటికి మిద్దె మీద నేను తాగే కాఫీ రుచిగా ఉంటుంది, అబద్ధం ఎందుకు? కానీ అది రెండు మీటింగుల నడుమ దొంగతనంగా తాగిన కాఫీ. చిన్నాయన తాగే చెంబెడు నీళ్ళు ఆయన పనే ఆయనకు ఇచ్చిన విరామం. ఈ తేడా నా నాలుకకు తెలుస్తుంది.

ఒక్క వంటకం దగ్గర ఆగి ఈ తేడాను దగ్గరగా చూపిస్తాను. చలికాలం మా మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు అనపకాయలు వస్తాయి. వాటితో చేసే పితికిపప్పు లేకుండా ఇక్కడ చలికాలం గడవదు. ముందు కాయలు ఒలిచి గింజలు తీయాలి. గింజలను కొన్ని గంటలు నీళ్ళలో నాననివ్వాలి. నానాక ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నొక్కితే తోలు వేళ్ళ మధ్య మిగిలి, పచ్చటి పప్పు బద్ద టప్పున గిన్నెలోకి దూకుతుంది. శేరు గింజలు పితకాలంటే ఒక్కరి వల్ల కాదు. నలుగురు కూర్చుంటే గంటలో అయిపోతుంది. వేళ్ళకు పట్టిన అనపకాయ వాసన మర్నాటి దాకా పోదు. రాగి సంగటిలోకి ఆ కూర పడితే ఇంకో కూర అడగరు.

కిందటి పుష్యమాసంలో చిన్నమ్మ ఇంటికి పోయినప్పుడు మగ్గం పక్కనే చాప వేసి నలుగురం పితకడానికి కూర్చున్నాం. చిన్నాయన నేస్తూనే ఉన్నాడు. ఎవరి పెళ్ళి ఎక్కడ కుదిరిందో, మండీలో టమాటా బాక్సు ఎంత పలికిందో, 2023 జూలైలో కిలో రెండొందల దరిదాపులకు పోయినప్పుడు ఎవరెవరు అప్పులు తీర్చుకున్నారో, అన్నీ ఆ గిన్నె చుట్టూనే దొర్లాయి. కండె అయిపోయినప్పుడు ఆయన కూడా గట్టు మీంచి వంగి పది గింజలు పితికి గిన్నెలో వేశాడు.

వారం తరవాత మా ఇంట్లోనూ అనపకాయలు తెచ్చాం. ఆ రోజు నాకు వరసగా మీటింగులు. నేను మాట్లాడక్కర్లేని మీటింగు ఒకటి ఉంటే, కెమెరా ఆపి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని పితికాను. చేతులు గింజల మీద, చెవులు బెంగళూరులో. మా అత్త ఎదురుగా కూర్చుని ఏదో చెప్పబోయి, నా చెవిలో ఇయర్‌ఫోన్ చూసి ఊరుకుంది. కాసేపటికి నెమ్మదిగా అడిగింది: "అయిపోయినాదా పాపా నీ మాట్లాట? ఒక సంగతి చెబుదామని." నేను వేలు చూపించి ఇంకొంచెంసేపు అన్నాను. ఆ ఇంకొంచెం గంటన్నర అయింది. అప్పటికి ఆమె పడుకుంది. రాత్రి కూర బాగానే కుదిరింది. చెప్పాలనుకున్న సంగతి మర్నాడు అడిగితే, "ఏముందిలే" అంది. ఒకే గింజ, ఒకే కూర, ఒకే తీరుగా నొక్కిన వేళ్ళు. ఒక ఇంట్లో గిన్నెతో పాటు ముచ్చటా నిండింది, ఇంకో ఇంట్లో గిన్నె మాత్రమే నిండింది.

పిల్లల కళ్ళతో చూసినా తేడా ఇలాగే ఉంది. చిన్నమ్మ మనవడికి నాలుగేళ్ళు. తాత ఏం చేస్తాడని అడిగితే మగ్గం దగ్గరికి లాక్కుపోయి అంచులోని నెమలిని వేలితో చూపిస్తాడు. చీర మగ్గం మీంచి దిగిన రోజు దాన్ని పరిచి అందరూ వంగి చూస్తారు. మా పాపను అమ్మ ఏం చేస్తుందని అడిగితే "మాట్లాడతాది" అంటుంది. నేను ఇంట్లోనే ఉంటాను గాని, నేను చేసేది ఇంటికి కనిపించదు. పిల్లలకు కనిపించని పని వాళ్ళ దృష్టిలో అమ్మను తీసుకుపోయే పనే.

ఇంతవరకూ నేతింటి వైపే మొగ్గాను. ఇక రెండో వైపు చూడాలి, లేకపోతే ఈ పోలిక పాతకాలపు పొగడ్త అయిపోతుంది. చిన్నాయన నాడెలోకి పోయే కండెలు చుట్టేది ఎవరు? మా చిన్నమ్మ. వంట అయ్యాక, బట్టలు ఉతికాక, రాట్నం ముందు కూర్చుని చుడుతుంది. సావుకారి కూలి లెక్క చీరకు కడతాడు. ఆ లెక్క చిన్నాయన పేరు మీద ఉంటుంది. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల పైచిలుకు నేత కార్మికులు తేలారు. వాళ్ళలో ఆడవాళ్ళు 72 శాతం. అయినా నేతగాడు అనగానే మన కళ్ళ ముందుకు మగ్గం మీది మగవాడే వస్తాడు. చిన్నాయన ఆ కండెల నడుమ విరామం తీసుకోగలుగుతున్నాడంటే చిన్నమ్మకు విరామం లేకపోవడం వల్లనే.

మా ఇంట్లో అంతకంటే న్యాయం ఉందని చెప్పలేను. నేను మీటింగులో ఉన్నప్పుడు ఇల్లు నడిపేది మా అత్త. ఆమె లేని రోజున బల్లకూ పొయ్యికీ నడుమ పరుగెత్తేది నేనే. జాతీయ గణాంక సంస్థ 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్ళు వెచ్చించేది 88 నిమిషాలు. ఇంటి నుంచి చేసే ఉద్యోగం ఈ అంకెల మీదే కూర్చుంటుంది. పుంగనూరు ఆవు సంగతి కూడా ఇంతే. రెండు మూడు అడుగులు మించని ఆ ముద్దొచ్చే జాతిని ఇప్పుడు ఇంటి ముందు పెంచుకోవాలని చాలామందికి మోజు. దాని మెడ నిమిరితే మనసు చల్లబడుతుంది, నిజమే. దాని పేడ ఎత్తేది ఎవరో చెప్పకుండా ఆ సంతోషాన్ని వర్ణిస్తే అది సగం వర్ణనే.

జీతం దగ్గరికి వస్తే లాప్‌టాప్ ఇల్లు ముందుంది. నాకు జ్వరమొస్తే సెలవుంది, నెలాఖరుకు జీతం పడుతుంది. చిన్నాయనకు జ్వరమొస్తే చీర ఆగుతుంది, చీర ఆగితే కూలి ఆగుతుంది. నా పనికి దారి వేయడానికి ప్రభుత్వాలూ కదిలాయి. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకు ఇళ్ళకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. 2020 నవంబరులో టెలికాం శాఖ నిబంధనలు సడలించి, కంపెనీలు ఎక్కడి నుంచైనా పని చేయించుకునే వీలు కల్పించింది. 2025 ఫిబ్రవరిలో కుప్పం ఎమ్మెల్యే కూడా అయిన ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు, ఆడవాళ్ళకు ఇంటి నుంచి పనిని పెద్దయెత్తున తెస్తామని ప్రకటించారు. ఇవన్నీ మంచివే. అయితే ఇంట్లో కూర్చుని కూలికి పని చేసేవాళ్ళను మిగతా కార్మికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒడంబడిక చేసింది. దాన్ని మన దేశం ఇంకా ఆమోదించలేదు. ఇంటి నుంచి పని అనే మాట లాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్ళకే కాదు, రాట్నం ముందు కూర్చున్నవాళ్ళకూ వర్తించాలి.

ఇప్పుడు నా తీర్పు. పనిని ఇంట్లో కలుపుకోవడం, దానికి కొస పెట్టుకోవడం, బిడ్డకు కనిపించేలా చేయడం నేతింటికి తెలిసినంత నాకు తెలియదు. ఒంటికి విశ్రాంతి, చేతికి నమ్మకమైన జీతం, సెలవు మా ఇంట్లో ఉన్నంతగా అక్కడ లేవు. ఆడవాళ్ళ చాకిరీ లెక్కలో రెండిళ్ళూ తప్పినవే. నా లాప్‌టాప్ బతుకు ఇప్పటికైతే అతిథి సుఖానికే దగ్గర. బల్ల దగ్గరికి టీ వస్తుంది గాని, తెచ్చినామె చెప్పాలనుకున్న మాట వినే తీరిక రాదు. వేడన్నం, చల్లగాలి ఇంట్లో ఉన్నంత మాత్రాన సంతోషాలు కావు. వాటి కోసం పనిని ఆపగలిగినప్పుడు, వాటి వెనకున్న చాకిరీని పంచుకున్నప్పుడు అవుతాయి.

పొద్దు గూకే వేళకు చిన్నాయన నేసిన బట్ట మీద దుమ్ము పడకుండా పాత పంచె ఒకటి కప్పి, గుంటలోంచి లేస్తాడు. పంచె కప్పాక ఆ ఇంట్లో ఎవరూ ఆయనను నేత మాట అడగరు. నేనూ ఒక పాత తువ్వాలు తీసిపెట్టుకున్నాను. ఆరున్నరకు లాప్‌టాప్ మూసి దాని మీద కప్పుతున్నాను. ఆ తరవాత సంగటి కెలికే వంతు మా ఆయనది. ఇది చదువుతున్న మీరు ఇంట్లో ఉండి పని చేసేవారైతే, మీ బల్ల మీదా ఒక గుడ్డ కప్పండి, ఇంటిపనిలో మీ వంతు అందుకోండి. రేపు అనపకాయల కాలంలో చెవిలోది తీసి పక్కన పెట్టి, గిన్నె చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చోండి. ఎదురుగా ఉన్నవాళ్ళు ఏదో చెప్పబోతే, పూర్తిగా చెప్పనివ్వండి.